గరుకు వైపు

బట్టీ వాకిలికి ఇటుకలు పేర్చి మట్టి మెత్తేశాక ఇక చేసే పనేమీ ఉండదు. కష్టమంతా అక్కడే ఉంది.

మంట వేసేటప్పుడు చేతినిండా పని. సవుకు కట్టెలు మోయాలి, పొగ చూసుకోవాలి, కన్నులోంచి లోపలికి చూడాలి. కన్ను అంటే బట్టీ పక్కగోడలో ఒక ఇటుక పట్టేంత సందు. గాజు తడిసిన అప్పడం మాదిరి మెత్తబడి ఇనప అచ్చులోకి దిగిపోయిందని తేలాక మంట ఆపాలి. కన్నులో ఇటుక బిగించి చుట్టూ మట్టి పూయాలి. ఆ తరవాత అది దానంతటది చల్లారాలి. తొందరపడి ఏ సందు తెరిచినా చల్లగాలి తగిలి గాజు చీలుతుంది. బట్టీ మూసి ఉన్న రోజుల్లో వానొస్తే భయం, గాలొస్తే భయం, గూడ్సుబండి పోతే భయం.

మా షెడ్డు రేణిగుంటలో రైలుకట్ట పక్కనే. గాజు పెట్టెలు రైల్లో దిగుతాయని మా యజమాని పీరా సాహెబు అక్కడ పెట్టుకున్నాడు. బండి పోయినప్పుడల్లా పైన రేకులు గలగలమంటాయి. ఆ చప్పుడుకు ఆయన ఏ పనిలో ఉన్నా మెడ బట్టీ వైపు తిరిగేది.

నాది ఐరాల. బావి ఎండి చెరకు పోయాక ఇసుక పనికి వచ్చాను. స్వర్ణముఖి ఏట్లో ఇసుక తెచ్చి, జల్లించి, ఆరబెట్టి, గాలిమిషను గొట్టంతో గాజు మీదికి కొట్టడం నా పని. గాజుకు ముందే దళసరి కాగితం అంటించి, బొమ్మ ఉన్నమేరకు కత్తితో కోసి తీసేస్తారు. కోసిన చోట ఇసుక తగిలి గాజు తెల్లగా, గరుకుగా అవుతుంది. కాగితం ఉన్న చోట నునుపు నునుపుగానే నిలుస్తుంది.

పీరా సాహెబుకు ఒక పద్ధతి ఉంది. గరుకు వైపు ఎప్పుడూ లోపలికి, నునుపు వైపు ఎప్పుడూ వీధికి. గరుకు మీద దుమ్ము పడితే తాగేస్తుంది. జిడ్డువేలు పడితే ఆ మరక పోదు. అందుకని బొమ్మను లోపలి వైపునుంచి, తిరగేసి వేయాలి. వీధిలో నిలబడి గాజు గుండా చూసేవాడికి అప్పుడే అది సరిగ్గా కనిపిస్తుంది. ఎవరు బొమ్మ తెచ్చినా గీతల వెంట సూదితో గుచ్చి తెమ్మంటాడు. ఆ కాగితాన్ని బోర్లించి గాజు మీద పరిచి, బొగ్గుపొడి మూటతో అద్దుతాడు. ముగ్గుడబ్బా బెజ్జాల్లోంచి పిండి రాలినట్టు చుక్కలు పడతాయి. ఆ చుక్కల వెంట కత్తి నడుస్తుంది. కాగితం బోర్లించడానికి ఆయన చేతికి ఆలోచన అక్కర్లేదు. అన్నం ముద్ద నోటికి పోయినట్టు పోతుంది.

ఈసారి బట్టీలో ఉన్నది తిరుపతిలో ఒక ట్రస్టువాళ్లు కట్టిన కొత్త కల్యాణ మండపం గాజు. ముందు వాకిలి మీద పెట్టేది. విల్లులాగా వంగి, పొట్ట వీధిలోకి వచ్చేట్టు ఉండాలి. నడుమ తిరునామం, ఒక పక్క శంఖం, ఒక పక్క చక్రం. అంత వెడల్పు పలక పెట్టెలో ఒక్కటే వచ్చింది. ఇంకొకటి తెప్పించాలంటే మండపం ప్రవేశం నాటికి అందదు.

బొమ్మ గీసింది సౌందరరాజన్ గారు. హైస్కూల్లో డ్రాయింగు మాస్టరుగా చేసి దిగిపోయారు. వాళ్ల అన్నదమ్ములంతా గుడి కైంకర్యంలో ఉన్నవాళ్లు. ట్రస్టు మీటింగులో సెక్రటరీ దేవనాథన్ గారు, "గాజు మదరాసులో చేయిస్తాము, ఈ రేకుల షెడ్డులో ఏమి చేస్తారు" అన్నారట. సౌందరరాజన్ గారు లేచి, "పీరా సాహెబు చేస్తాడు. తప్పు వస్తే నాది పూచీ" అని కూర్చున్నారట. ఆ మాట సాహెబు దాకా వచ్చింది. వచ్చిననాటి నుంచి ఆయన గడ్డం గీసుకునేటప్పుడు కూడా ఆ గాజు గురించే మాట్లాడేవాడు.

బట్టీ మూసిన మరునాడు సౌందరరాజన్ గారు తిరుపతి బస్సు దిగి, గొడుగు చంకన పెట్టుకుని షెడ్డులోకి వచ్చారు.

"ఏం సాహెబూ, స్వామి లోపల సుఖంగా ఉండారా?"

"ఉండాడు సామీ. మెత్తగా సుద్దపొడి పరిసి పండబెట్టినాను. మీ ఇంట్లోగూడా అట్లాంటి పక్క ఉండదు."

ఆయన నవ్వి, బట్టీకి దండం పెట్టి, బల్ల మీద కూర్చున్నారు. సాహెబు భార్య సుభాన్‌బీ టీ తెచ్చింది. ఆయన మా ఇళ్లల్లో టీ తాగరని ముందు అనుకునేవాళ్లం. తాగుతారు. చల్లార్చుకుని తాగుతారు.

"ఈసారి మీకొక పని తగ్గించినాను, చూసినారా?" అన్నారు సగం గ్లాసు అయ్యాక.

"ఏం పని సామీ?"

"బొమ్మ నేనే తిరగేసి గీసినాను. పోయినసారి మీరు ఆ పెద్ద కాయితం బోర్లించేదానికి నడుం పట్టుకోని అవస్థ పడినారు గదా. అందుకని ఇది ఉన్నదున్నట్టు పరిసేసేట్టుగా ఇచ్చినాను. వయసు మనిద్దరికీ ఒకటే, తెలీదా నాకు?"

సాహెబు బీడీ ముట్టించుకోబోతున్నాడు. అగ్గిపుల్ల వేలిదాకా కాలింది. కింద పడేసి, "మంచిది సామీ" అన్నాడు.

ఆయనను బస్సెక్కించాడు. బస్సు కదిలాక నా దగ్గరికి వచ్చాడు. నేను ఇసుక జల్లిస్తున్నాను.

"మునిరామా, కాయితం నేను తిప్పినానా?"

"నేను యాడ సూసినాను సాయిబూ? ఆ పొద్దు ఏటికి పోయినాను, ఇసకకి."

"ఇసక కొట్టింది నువ్వే గదప్పా. సంకు ఏపక్క ఉండె?"

గాజును బల్ల మీద పడుకోబెట్టి చుట్టూ తిరుగుతూ కొడతాను. నెత్తిన గోనెగుడ్డ, కళ్లకు అద్దం. ఇసుక లేచాక జానెడు మేర కంటే కనిపించదు. నాకు శంఖం ఒకసారి కాళ్లదగ్గరుంటుంది, ఒకసారి తలదగ్గరుంటుంది. కొట్టినాక కాగితం తడిపి ఊడదీసి, ఆ గాజును అట్లే పడకమీదనే బట్టీలోకి ఎక్కించాం. నిలబెట్టి చూసింది లేదు. ఆ సంగతి చెప్పాను.

"అంటే నీకు తెలీదు."

"తెలీదు."

"తిప్పే ఉంటాను" అన్నాడు. మళ్లీ, "ఒకవేళ తిప్పలేదేమో. ఆ పొద్దు నడుం పట్టేసి ఉండె" అన్నాడు.

ఆయనకు ఇంకొక చిక్కు ఉంది. శంఖం ఏ పక్కన ఉండాలో ఆయనకు తెలియదు. తెలిసి ఉంటే కాగితం చూడగానే తిరగేసి గీశారని పట్టుకునేవాడు. ఆయన వాళ్ల దేవుడి సంగతి వాళ్లకు వదిలేశాడు.

లోపలికి పోయి సుభాన్‌బీని అడిగాడు. ఆ రోజు గాజుకు కాగితం అంటించే మైదా బంక ఆమే ఉడికించి ఇచ్చింది.

"నన్నడిగితే? పెండ్లినాడు పూలదండ గూడా తిప్పి తిప్పి సూసి ఏసిన మనిషివి. తిప్పకుండా నువ్వు సెంబు గూడా కింద పెట్టవు."

"సూసినావా అని అడగతా ఉండా."

"సూళ్లేదు. ఆ పొయ్యి ముందర నాకు కండ్లు యాడుండాయి? కూసోరాదా కాసేపు. నువ్వు తిరిగితే నాకు తల తిరగతాది."

ఆయన కూర్చోలేదు. బట్టీ చుట్టూ తిరిగాడు. వెనకచేత్తో ఇటుకలు తడిమి చూశాడు. ఇంకా కాలుతున్నాయి. గూడ్సుబండి వచ్చింది, రేకులు అదిరాయి, బండి పోయేదాకా రెండు చేతులూ బట్టీ గోడకు ఆనించి నిలబడ్డాడు, పసిబిడ్డను పట్టుకున్నట్టు. చేతులు కాలి ఎర్రబడ్డాయి.

"ఏటికి పోదాం పా" అన్నాడు.

ఎందుకో నాకు తెలుసు. దేవుడి బొమ్మ ఉన్న కాగితాన్ని ఆయన పొయ్యిలో వేయడు, తొక్కేచోట పడేయడు. ఏ దేవుడిదైనా అంతే. ఏట్లో నీళ్లుంటే నీళ్లలో వదులుతాడు, లేకపోతే ఇసుకలో గుంట తీసి పూడుస్తాడు. ఆ కాగితం దొరికితే బొగ్గు ఏ వైపు అంటిందో చూడొచ్చు.

ఎండలో ఏటికి పోయాం. పూడ్చినచోట గుర్తుకు ఒక తుమ్మ ఉంది. తుమ్మ ఉంది కానీ దానికింద ఇసుక లేదు. బండ్లవాళ్లు మోకాటిలోతు తవ్వి తోలుకుపోయారు. బండి చక్రాల జాడలు గట్టు దాకా ఉన్నాయి.

సాహెబు గుంట అంచున నిలబడి, "యా అల్లా, ఏ ఇంటి గోడలో పడిందో" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పోయాడో లేదో నాకు తెలియదు. పొద్దున నేను వచ్చేసరికి తలకు గుడ్డ చుట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉన్నాడు.

"తిరపతికి పోతా ఉండాం."

"బట్టీ?"

"బీబీ సూసుకుంటాది. నేనుంటే దానికి నావల్లనే ముప్పు."

బస్సులో సీటు ఖాళీగా ఉన్నా ఆయన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. దిగాక నేరుగా సౌందరరాజన్ గారింటికి పోలేదు. బజారులో పడ్డాడు. తిరుపతిలో ఏ అంగడి బోర్డు మీద చూసినా తిరునామం, శంఖం, చక్రం ఉంటాయి. ఒక్కొక్క బోర్డు ముందూ నిలబడి చూడడం మొదలుపెట్టాడు.

"ఈడ సంకు ఏపక్క ఉండాది?"

"మనకి ఎడంపక్క."

పది అడుగులు నడిచి బొరుగుల అంగడి ముందు ఆగాడు.

"ఈడ?"

"కుడిపక్క."

మంగలి అంగడి బోర్డు మీద ఎడమకు, దాని ఎదురుగా బట్టల అంగడి మీద కుడికి. ఒక లాడ్జి మీద ముందు ఒక తీరు, పక్కగోడ మీద ఒక తీరు. సాహెబు ఆ లాడ్జి ముందు చాలాసేపు నిలబడ్డాడు. లోపలినుంచి కుర్చీలో ఉన్నతను, "రూము కావాల్నా సాయిబూ?" అని అడిగాడు.

"వద్దప్పా. మీ సంకు ఏపక్క ఉండాల?"

"యాపక్కుంటే ఏమి? దేవునికి రెండు సేతులూ ఆయనవే గదా."

ఆ మాట సాహెబుకు నచ్చలేదు. "నీ చెప్పులు కూడా రెండూ నీవే. తిప్పి ఏసుకో సూద్దాం" అని కదిలాడు.

మండపం దగ్గరికి పోయాం. సున్నం వేసి ఉంది. ముందు వాకిలి మీద గాజు పెట్టే చోటు ఖాళీగా ఉంది, దాంట్లోంచి కొండ కనిపిస్తోంది. కింద వడ్రంగి దొరస్వామి టేకు చట్రానికి చిత్రిక పడుతున్నాడు. గాజు వంపుకు సరిపోయేట్టు ముక్కముక్కా అతికి చేసిన చట్రం. అందుకోసం ఒకటి రెండు మార్లు షెడ్డుకు వచ్చి అచ్చు కొలత తీసుకుపోయాడు.

"ఏం సాయిబన్నా, కడుపుతో ఉన్న బిడ్డని ఇంట్లో ఇడిసిపెట్టి ఈడికొస్తివి? నొప్పులెప్పుడు?"

"నీ చట్రం సక్కగ చేయి ముందు" అన్నాడు సాహెబు.

సౌందరరాజన్ గారిల్లు మాడవీధి వెనక సందులో. వాళ్లావిడ రంగనాయకమ్మ గారు మజ్జిగ ఇచ్చారు. సాహెబు లోటా చేతిలో పట్టుకుని నిలబడే ఉన్నాడు. కూర్చోమంటే, "ఉండనీండి సామీ, సెప్పేసి తాగతాను" అన్నాడు.

"ఏమి సంగతి?"

"మీరు తిప్పి గీసినారు. నేను గూడా తిప్పినానేమో సామీ."

సౌందరరాజన్ గారికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. డ్రాయింగు మాస్టరు కదా, కుడిచేయి గాలిలో ఒక బొమ్మ గీసి, దాన్ని తిప్పి, మళ్లీ తిప్పింది. మొదటికి వచ్చి ఆగింది.

"తిప్పినారా, లేదా?"

"గురుతు లేదు. సేతికి అలవాటు. తిప్పే ఉంటాది."

"సంకు కుడికి రావాల సాహెబూ. చక్రం స్వామి కుడిచేతిది. ఎదురుగా నిలబడి చూసే మనకి అది ఎడమపక్క వస్తుంది. ఊళ్లో సగం బోర్డులు తప్పు. చెప్పి చెప్పి నా నోరు పోయింది. నా చేత్తోనే ఇప్పుడు తప్పు పెడితే..." ఆయన ఆపేసి, "కాయితం చూసినప్పుడు ఒక్కమాట ఎందుకు అడగలేదు?" అన్నారు.

"మీ దేవుని సంగతి మీకు నేను సెప్పేదా అని. మీరు గీసినప్పుడు ఒక్కమాట ఎందుకు సెప్పలేదు సామీ?"

"మీ పని సంగతి మీకు నేను చెప్పేదా అని."

లోపల్నుంచి రంగనాయకమ్మ గారు, "బాగుండాది. ఇద్దరూ మర్యాదస్తులే. మధ్యలో స్వామి వీపు తిప్పుకున్నాడు" అన్నారు.

సాహెబు మజ్జిగ తాగి లోటా కడిగి అరుగు మీద బోర్లించాడు. బోర్లించి, దాన్ని చూసి, మళ్లీ నిలబెట్టాడు.

సౌందరరాజన్ గారు మాతోనే బస్సెక్కారు. సెక్రటరీ దేవనాథన్ గారికి చెప్పాలా వద్దా అని దారిపొడుగునా అనుకుంటూ వచ్చారు. "తప్పని తేలినాక చెప్తాను. తేలకముందు చెప్తే తప్పు లేకపోయినా ఉన్నట్టే" అన్నారు. కరకంబాడి దాటాక, "కాదు, ముందే చెప్పాలేమో" అన్నారు. ఇద్దరూ నిలబడే ఉన్నారు.

షెడ్డులో ఇద్దరినీ బట్టీ ముందు కూర్చోబెట్టాలని సుభాన్‌బీ చూసింది. ఒకరు కూర్చుంటే ఒకరు లేస్తున్నారు. గోడ మీద చేయి పెడుతున్నారు. గోరువెచ్చ కంటే కొంచెం ఎక్కువ. బయట అంత ఉంటే లోపల అచ్చు దగ్గర ఇంకా చాలా ఉంటుంది.

సౌందరరాజన్ గారి కళ్లు బట్టీ కన్ను మీద పడ్డాయి. ఎండిన మట్టి మధ్య ఇటుక అంచు కనిపిస్తోంది.

"సాహెబూ, ఈ ఒక్క ఇటుక తీసి, బ్యాటరీ లైటు వేసి చూస్తే తెలిసిపోతుంది గదా. రెప్పపాటు."

"తెలుస్తాది."

"మరి?"

"సూస్తే పగుల్తాది సామీ. తప్పో ఒప్పో, ముందు బతికుండనీండి."

ఆయన తలూపారు. గొడుగు మొనతో నేల మీద ఒక చక్రం గీశారు, ఒక శంఖం గీశారు, కాలితో తుడిచేశారు. తుడిచి, తొక్కానని గుర్తొచ్చి, వంగి ఆ చోటు తాకి కళ్లకద్దుకున్నారు.

సాయంత్రం ఆయన చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోయారు. నేను ఇసుక పోగు మీద గోనె కప్పుతున్నాను. తిరిగి చూస్తే పీరా సాహెబు కన్ను దగ్గర గొంతు కూర్చుని ఉన్నాడు. బొటనవేలి గోటితో ఇటుక చుట్టూ మట్టి గీరుతున్నాడు. మట్టి పొడిపొడిగా రాలుతోంది. ఎన్నో ఏళ్లుగా తనకంటే ఓపికగలవాడు లేడని చెప్పుకునే మనిషి. ఆయన ఏం చేస్తున్నాడో ఆయనకు తెలిసినట్టు లేదు.

"సాయిబూ" అన్నాను.

వినలేదు. సుభాన్‌బీ నా వెనకనుంచి వచ్చింది. చేతిలో రొట్టెకు కలుపుతున్న పిండి ముద్ద ఉంది. ఆయన పక్కన కూర్చుని, ఆయన గీరిన సందులో పిండి కుక్కి, బొటనవేలితో అదిమి మూసింది.

"రొట్టెకి తక్కువయితే నీదే తక్కువ" అంది.

అప్పుడు లేచాడు.

సౌందరరాజన్ గారు ఆ పూట ఇంటికి పోలేదు. బల్ల మీద పడుకున్నారు. మరునాడు ఎండ తగ్గాక గోడ ఒంటిమీద చేయి పెట్టినంత చల్లగా వచ్చింది. సాహెబు బట్టీ వాకిలి మట్టి గీసి, ఒక ఇటుక తీసి ఆగాడు. చెవి పెట్టి విన్నాడు. గాజు చీలేటప్పుడు చిన్న టిక్కుమనే చప్పుడు వస్తుంది. రాలేదు. రెండో ఇటుక తీశాడు.

గాజు బతికే ఉంది. ఒక్క గీటు లేదు. మేం ముగ్గురం గోనెపట్టలతో పట్టుకుని బయటికి తెచ్చి, పొట్టవైపు మా ముందుకు వచ్చేట్టు దిమ్మెల మీద నిలబెట్టాం. సుభాన్‌బీ తడిగుడ్డతో సుద్ద తుడిచింది. తుడిచేకొద్దీ నామం తెల్లగా తేలింది. తరవాత ఒక పక్క తుడిచింది.

ఎడమపక్క శంఖం వచ్చింది.

రైలు వచ్చింది, రేకులు కొట్టుకున్నాయి. ఈసారి సాహెబు మెడ తిరగలేదు.

"నేను తిప్పినాను" అన్నాడు.

"నేనూ తిప్పినాను" అన్నారు సౌందరరాజన్ గారు. "ఇద్దరిలో ఎవరం సోమరి అయినా సరిపోయుండు."

"పగలగొట్టి ఇంకొకటి..." అంటూ మొదలుపెట్టి సాహెబు ఆగిపోయాడు. ఇంకొక పలక లేదు. ఉన్నా ఇది పగలగొట్టే చేయి ఎవరిది? మామూలుగా చెడిన గాజు ముక్కలు చేసి, చేతిగాజులు చేసే బట్టీకి తూకానికి పంపుతాం. దీని మీద నామం ఉంది. సౌందరరాజన్ గారు సుత్తి తీసుకోరు. సాహెబు అంతకంటే తీసుకోడు. నా వంక చూశారు. నేను ఇసుక పోగు వంక చూశాను.

సౌందరరాజన్ గారు గాజు చుట్టూ తిరగసాగారు. ఒక చుట్టు, రెండు చుట్లు. అవతలివైపు, పొట్ట లోపలికున్న వైపు, ఒకసారి ఆగారు. అట్లే నిలబడిపోయారు. గాజు గుండా ఆయన మొహం తెల్లటి నామం వెనక మసకగా కనిపిస్తోంది.

"సాహెబూ, ఇట్లా రండి."

సాహెబు పోయాడు. నేనూ పోయాను. అటునుంచి చూస్తే చక్రం ఎడమకు, శంఖం కుడికి. ఎట్లా ఉండాలో అట్లా.

"ఈపక్క వీధికి పెడితే?"

సాహెబు గాజును తాకబోయి చేయి వెనక్కి తీసుకున్నాడు. "అది గరుకు వైపు సామీ."

"తెలుసు."

"గరుకు వీధికి పెట్టే పని నేను సేయను. బస్సుల దుమ్ము, సాంబ్రాణి పొగ, వానకు పడిన మట్టి, అంతా తాగతాది. ఏడాది తిరిగేలోపల నల్లగా పాసి పట్టినట్టు అవుతాది. అప్పుడు జనం ఏమంటారు? సాయిబు స్వామికి మసి పూసినాడంటారు."

"ముందనుకున్నట్టు పొట్ట వీధికి పెడితే సాయిబు స్వామిని తిప్పేసినాడంటారు. గరుకు వీధికి పెడితే లోపల కూర్చున్నోళ్లకి తిరగబడి కనిపిస్తుంది, అయినా సరే. స్వామి వెనక నిలబడినట్టు అనుకుంటారు. వీధిలోవాళ్లకి వీపు చూపించేదానికి లేదు." ఆయన గొంతు తగ్గింది. "తుడిచేవాళ్లుంటే మసి పట్టదు గదా సాహెబూ?"

"రోజూ తుడవాల. ఉత్త నీళ్లు కాదు, ఒక పద్ధతి ఉండాది. ఎవురు తుడస్తారు?"

సౌందరరాజన్ గారు సాహెబు చేతుల వంక చూశారు.

మండపంలో గాజు ఎక్కించే రోజు దొరస్వామి చట్రాన్ని తిప్పి, పొట్ట హాల్లోకి వచ్చేట్టు బిగించాల్సి వచ్చింది. చెక్క అంచులు మళ్లీ చెక్కుకున్నాడు. చెక్కినంతసేపూ నోరు ఊరుకోలేదు.

"ఏంది సామీ ఇది, నిన్న పొట్ట ముందుకంటిరి, ఈ పొద్దు ఎనక్కంటిరి. ఏకాదసి ఉపవాసం ఉన్నోని మాదిరి కడుపు లోపలికి పోయిండాది."

దేవనాథన్ గారు స్కూటరు ఆపి, పైకి చూసి అదే అడిగారు. సౌందరరాజన్ గారు దాచలేదు. జరిగింది జరిగినట్టు చెప్పారు, ఇద్దరూ తిప్పిన సంగతితో సహా. దేవనాథన్ గారు విని, పైకి చాలాసేపు చూశారు. శంఖం, చక్రం ఎక్కడెక్కడ ఉన్నాయో వేలితో చూసుకున్నారు.

"బాగానే ఉండాది" అన్నారు. "నల్లబడితే మాత్రం మీటింగులో నేను ఊరుకోను."

పీరా సాహెబు నిచ్చెన మీదే ఉన్నాడు. కిందికి చూడకుండా దొరస్వామిని పిలిచాడు.

"దొరసామీ, గోడకి ఈడొకటి, ఆడొకటి ఇనప కొక్కేలు బిగించప్పా. గట్టిగా."

"ఎందుకన్నా?"

"నిచ్చెన ఆనేదానికి."

దొరస్వామి ఉలి కింద పెట్టాడు. కొక్కేలు తెచ్చాడు.

తరవాత నేను ఆ షెడ్డులో చాలా ఏళ్లు పనిచేశాను. వంపు గాజులు ఎన్నో చేశాం, బొమ్మ ఉన్నవీ లేనివీ. కాగితం చేతికి రాగానే సాహెబు, "తిప్పి గీసినారా, తిప్పకుండానా?" అని అడిగేవాడు. తెచ్చినవాళ్లు విసుక్కునేవాళ్లు. మళ్లీ అడిగేవాడు.

గరుకు మాత్రం ఆయనను కూర్చోనివ్వలేదు. పొద్దున్నే మొదటి బస్సులో మండపానికి పోయి, నిచ్చెన కొక్కేలకు ఆనించి, కుంకుడుకాయ నానబెట్టిన నీళ్లతో ఒకసారి, ఉత్తనీళ్లతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచేవాడు. పెళ్లివాళ్లు సన్నాయి వాయిస్తుండగా తుడిచేవాడు. చక్రం దగ్గర మొదలుపెట్టి శంఖం దగ్గర దిగేవాడు. ఎవరైనా పూలదండ పైకి విసిరితే గరుకుకు తగలకుండా చేత్తో పట్టుకునేవాడు.

ఆషాఢంలో, మా ఆడి నెలలో, గాలి ఎక్కువ. రేణిగుంట రోడ్డంతా ఎర్రగా లేస్తుంది. అట్లాంటి ఒక మధ్యాహ్నం కొత్త బట్టీ మూసి ఉంది. ఆయన అన్నం ముందు కూర్చున్నాడు. రేకులు కొట్టుకోవడం మొదలైంది. ముద్ద చేతిలో ఉండగానే తల ఎత్తాడు. బట్టీ వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు. దేన్ని విడిచి దేని దగ్గర ఉండాలో తేలక మోకాళ్ల మీద లేచాడు.

"తినిపో" అంది సుభాన్‌బీ.

"దుమ్ము లేసింది."

"పొద్దున తుడిసినావు గదా."

"పొద్దునది పొద్దునదే."

ముద్ద కంచంలో పెట్టి చేయి కడుక్కున్నాడు. గుడ్డ మూట తీసుకున్నాడు. నన్ను చూసి, "మునిరామా, బట్టీ కన్ను దగ్గర కూసో. ఇటక ముట్టుకోమాక" అన్నాడు.

నేను పోయి కూర్చున్నాను. దుమ్ములోనే ఆయన రోడ్డు దాటాడు. బస్సు వచ్చింది. కిటికీలు అన్నీ మూసి ఉన్నాయి. లోపల కూర్చున్నవాళ్ల మధ్య తలకు గుడ్డ చుట్టిన మనిషి ఒక్కడే కడ్డీ పట్టుకుని నిలబడి కనిపించాడు.